సబ్ ఒకటే, వేషాలు చాలా

అందరికీ నమస్కారం. నన్ను ప్రిఫిక్స్, అంటే మాటకి ముందర తగిలించే ముక్క మీద ఉపన్యాసం ఇమ్మన్నారు, ప్రిఫిక్స్‌కి మన వ్యాకరణంలో పేరు ఉపసర్గ, అంటే మొదలుపెట్టక ముందే రెండు ‘ఉప’లు వచ్చి కూర్చున్నాయి. వాటి సంగతి కాసేపట్లో చెప్తా.

ఇక్కడ చాలామంది పీలేరు, పుత్తూరు, పలమనేరు నుంచి తిరుపతికొచ్చి రూములు తీసుకుని గ్రూప్స్‌కి, బ్యాంక్ పరీక్షలకి చదువుతా ఉండారు కదా, వొకాబులరీ లిస్టులు పెట్టుకుని ఒక్కో మాటా విడివిడిగా బట్టీ కొడతా ఉంటారు, అది నాకు అస్సలు నచ్చదు. సబ్ కలెక్టర్, సబ్ ఇన్‌స్పెక్టర్, సబ్ రిజిస్ట్రార్, కరెంటు పోతే ఫోన్ చేసే సబ్ స్టేషన్, వీటిల్లో సబ్ అంటే కింద అని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. అది లాటిన్ మాట. చిక్కంతా అది వేషం మార్చినప్పుడే.

సత్, జనుడు కలిసి సజ్జనుడు అయితే మనం ఆశ్చర్యపోం కదా, లాటిన్‌లోనూ అదే కథ, సబ్ పక్కన పి వస్తే బి కూడా పి అయిపోతుంది. పోర్తారే అంటే మోయడం, కింద నుంచి మోస్తే సపోర్ట్. ఫెర్రే అన్నా మోయడమే, భారం కిందుండి మోసేవాడు సఫర్ అవుతాడు. సి ముందర సక్కంబ్, అంటే లొంగిపోవడం, జి ముందర సజెస్ట్, ఎం ముందర సమన్. ఇంకొన్నిట్లో ఎస్ యూ ఎస్ అయిపోతుంది, సస్పెండ్ అంటే వేలాడదీయడం, ఉద్యోగం ఉన్నట్టా పోయినట్టా తెలీకుండా గాల్లో పెట్టడం అన్నమాట, సస్పెండ్ అయినోళ్లని అడగండి ఎంత కరెక్టో చెప్తారు.

నాకు బాగా ఇష్టమైన మాట సటిల్, అంటే సూక్ష్మమైనది. స్పెల్లింగ్‌లో బి ఉంటుంది, పలకం. తేలా అంటే లాటిన్‌లో మగ్గం మీద నేత, పడుగు కింద నుంచి పోయే సన్నటి దారం అనే అర్థం నుంచి ఈ మాట వచ్చిందంటారు. మన నారాయణవనం, నగరి వైపు మగ్గం ముందర కూర్చున్నోళ్లకి ఇది వేరే వివరించాల్సిన పని లేదు, పడుగు, పేక, కింద పోయే నూలు కంటికి ఆనదు గానీ బట్ట సన్నదనం అంతా దాంట్లోనే ఉంటాది.

ఇప్పుడు ఆ ‘ఉప’. 1786లో విలియం జోన్స్ అనే ఇంగ్లీషు పండితుడు కలకత్తాలో మాట్లాడతా సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చుండాలి అన్నాడు. ఆ లెక్కన సంస్కృతంలో ఉప, గ్రీకులో హైపో, లాటిన్‌లో సబ్, ఇంగ్లీష్‌లో అప్ కూడా, అన్నీ చుట్టాలే. అప్ ఏంది సార్ పైకి కదా అంటారేమో, పాత అర్థం కింద నుంచి పైకి అని, అందుకే సపోర్ట్‌లో కింద నుంచి పైకి ఎత్తడం ఉంది. మనం సంస్కృతం నుంచి ఉప తెచ్చుకున్నాం, కింద, దిగువ, అడుగు మాత్రం మన సొంతం. ఇంకోటి, ఉప అంటే దగ్గర అని కూడా, స్వర్ణముఖికి కల్యాణి ఉపనది, కింద పారే నది కాదు, వచ్చి కలిసేది. సబర్బ్ కూడా అంతే, ఊరి కింద ఉండదు, ఊరిని ఆనుకుని ఉంటుంది.

హైపో డాక్టర్ల దగ్గర ఎక్కువ వింటాం. హైపోగ్లైసీమియా అంటే షుగర్ పడిపోవడం, మామూలుగా 70 కంటే కిందికి పోతే అట్ల అంటారు, హైపర్ అంటే ఎక్కువ, ఒక్క అక్షరం తేడాలో పేషెంట్ తలకిందులవుతాడు కాబట్టి నర్సింగ్ చదివే అమ్మాయిలు జాగ్రత్త. ఇన్‌ఫ్రా కూడా కిందే, 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎండని పట్టకంతో రంగులుగా విడదీసి ఎరుపు రంగు దాటి థర్మామీటర్ పెడితే వేడి ఇంకా ఎక్కువ కనబడింది, అదే ఇన్‌ఫ్రారెడ్, అంటే ఎరుపుకి కింద ఉండేది. అండర్‌స్టాండ్ అంటే కింద నిలబడటమా అని ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు. పాత ఇంగ్లీష్‌లో అండర్‌కి మధ్యలో అనే అర్థం కూడా ఉండేది, అక్కడి నుంచి వచ్చిందని ఎక్కువమంది చెప్తారు.

ఎస్ యూ కనబడింది కదా అని ప్రతి చోటా సబ్ అనుకుంటే మార్కులు పోతాయి. సమ్మర్‌కీ దీనికీ సంబంధం లేదు. సర్‌ప్లస్, సర్వైవ్‌లో ఉండేది సూపర్, పైన అని పూర్తిగా ఉల్టా, పరీక్షలో ఇట్లాంటివే పక్కపక్కన ఇస్తారు. సరే, డౌట్లు ఉంటే ఇప్పుడే అడగండి, నాకు చిత్తూరు బస్సు ఉంది.