స్కోరింగ్ బోర్డు రివ్యూ: మన ఏ4 షీట్‌కి ఈ అంగుళాల గాడులు పనికొస్తాయా?

నమస్తే అండి. ముందుగా ఒక మాట చెప్పేస్తాను. ఈ స్కోరింగ్ బోర్డుని, అంటే కార్డు కాగితం మీద మడత గీత నొక్కడానికి గాడులున్న పలకని, కంపెనీ వాళ్లు రివ్యూ కోసం ఉచితంగా పంపించారు. డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో వాళ్లకి ముందుగా చూపించనూ లేదు. ధర, రంగులు, పెట్టెలో ఏమేం వస్తాయి, ఇవన్నీ కింద డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి. మీలో చాలామంది ఆన్‌లైన్‌లో చూసే ఉంటారు కూడా. అందుకని వాటి జోలికి పోను. నేరుగా గాడుల దగ్గరికి వెళ్దాం. ఈ బోర్డు మంచీ చెడూ అంతా అక్కడే ఉంది.

కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. 12 అంగుళాల బోర్డు, అంగుళానికి 8 గాడులు. పై అంచున సెంటీమీటర్ల స్కేలు అచ్చువేశారు. కానీ గాడులన్నీ అంగుళాల లెక్కే! సెంటీమీటరు గీతకి ఎదురుగా గాడి లేనప్పుడు ఆ గీత దేనికండి? స్టైలస్, అంటే గీత నొక్కే పుల్ల, నడిచేది గాడిలో కదా.

ఇది చిన్న ఇబ్బంది కాదు. మన స్టేషనరీ షాపుల్లో కార్డ్‌స్టాక్ గానీ ఐవరీ షీట్ గానీ ఎక్కువగా దొరికేది ఏ4 సైజులోనే. 297 బై 210 మిల్లీమీటర్లు. దాన్ని సగానికి మడవాలంటే గీత 148.5 దగ్గర పడాలి. ఈ బోర్డులో దానికి దగ్గర్లో ఉన్న గాడి 6 అంగుళాలకి ఒక గాడి ముందుది, అంటే 149.2. ముప్పావు మిల్లీమీటరు తేడాయే కదా అనిపిస్తుంది. మడిచి చూడండి: ఒక పేజీ 149.2, రెండోది 147.8. దాదాపు మిల్లీమీటరున్నర అంచు వెనక నుంచి తొంగిచూస్తుంది. తెల్ల కార్డు మీద ముదురు రంగు షీట్ అతికిస్తే ఇంకా బాగా కనిపిస్తుంది.

అమెరికా వీడియోలు చూసి చేసేవాళ్లకి ఇంకో చిక్కు. వాళ్ల లెటర్ షీట్ 8½ బై 11 అంగుళాలు. సగం కోసి 4¼ దగ్గర మడుస్తారు. అదే 4¼ మన ఏ4 సగం షీట్ మీద పెడితే ఒక పేజీ పావు అంగుళం పొట్టిగా వస్తుంది. అక్కడ ఉంటూ ఈ వీడియో చూస్తున్న మనవాళ్లకి ఈ గొడవ లేదు, లెటర్ షీట్‌కి ఈ గాడులు అచ్చంగా సరిపోతాయి.

మరి మనం ఏం చేయాలి? షీట్‌ని బోర్డుకి తగ్గట్టు కొద్దిగా కోసుకోవాలి. ఏ4ని 11½ బై 8¼ అంగుళాలకి ట్రిమ్ చేయండి. పొడవులో 5 మిల్లీమీటర్లు, వెడల్పులో అర మిల్లీమీటరు పోతుంది, అంతే. ఆ తర్వాత లెక్కలన్నీ గాడుల మీదే పడతాయి. 11½లో సగం 5¾, గాడి ఉంది. 8¼లో సగం 4⅛, అంటే 4 దాటాక మొదటి గాడి, అదీ ఉంది. 5¾ దగ్గర కోసి రెండు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 5¾ బై 8¼. దాన్ని 4⅛ దగ్గర మడిస్తే 5¾ బై 4⅛ కార్డు. బజారులో దొరికే సీ6 కవరు 162 బై 114 మిల్లీమీటర్లు, అందులో హాయిగా కూర్చుంటుంది. పైన అతికించే షీట్ 5½ బై 3⅞ కోస్తే చుట్టూ ⅛ అంగుళం అంచు సమంగా మిగులుతుంది. ట్రిమ్ మాత్రం సగం చేయకముందే చేయాలి. సగం చేశాక ఒక్కోదాన్నీ విడిగా కోస్తే రెండు ముక్కలూ సమంగా రావు.

ఇక మడత పగలడం గురించి. ‘స్కోర్ చేసినా గీత మీద తెల్లగా చీలికలొస్తున్నాయి’ అని కామెంట్లలో చాలామంది అడుగుతుంటారు. నూటికి తొంభైసార్లు బోర్డు తప్పు కాదు, కాగితం పీచు దిశ. తయారీలో కాగితం పీచులన్నీ ఎక్కువగా ఒకే వైపు పడుకుంటాయి. పీచు వెంట మడిస్తే నున్నగా వంగుతుంది, అడ్డంగా మడిస్తే పీచులు విరుగుతాయి. చూసుకోవడం తేలిక: షీట్‌ని మడత పడకుండా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా మెల్లగా వంచండి. ఎటు తేలిగ్గా వంగితే పీచు ఆ వంపు గీత వెంట ఉన్నట్టు. ఏ4 షీట్లలో చాలావాటికి పీచు పొడవు వైపే ఉంటుంది. అందుకే ఏ4ని అలాగే సగానికి మడిస్తే పగులుతుంది, సగం కోసి చిన్న కార్డు చేస్తే పగలదు. అదే షీటు, అదే స్టైలస్, కానీ మడత దిశ మారింది.

స్టైలస్ సంగతి. దీనికి రెండు కొనలున్నాయి. 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) లోపు కాగితానికి సన్నది, 250, 300కి లావుది. చిన్న గుండ్రటి కొన, ఎక్కడా గరుకు లేదు, ఇది నాకు చాలా నచ్చింది. లావు షీట్ మీద ఒక్కసారే గట్టిగా లాగకండి, పై పొర చిరుగుతుంది. తేలిగ్గా రెండు మూడుసార్లు లాగండి. ఇదిగో, దగ్గరగా చూపిస్తున్నాను: గీసిన వైపు లోయ పడింది, వెనక చిన్న గట్టు లేచింది. చాలామంది లోయ లోపలికి వచ్చేలా మడుస్తారు. తిరగెయ్యాలి. గట్టు లోపలికి, లోయ బయటికి. అప్పుడు బయటి పొర మీద లాగుడు తగ్గుతుంది, పగలదు. తర్వాత బోన్ ఫోల్డర్‌తో, అంటే మడతని నొక్కే చదును పుల్లతో, రుద్దేటప్పుడు పైన ట్రేసింగ్ పేపర్ ముక్క పెట్టండి, లేకపోతే నలుపు, మెరూన్ షీట్ల మీద మెరుపు మరక పడి పోదు.

రెండు తలుపుల కార్డు, అంటే మధ్యలో విచ్చుకునేది, గృహప్రవేశం ఆహ్వానాలకి బాగుంటుంది కదా. 11½ షీట్‌కి 3 అంగుళాలకి ఒక గాడి ముందు, అంటే 2⅞ దగ్గర గీయండి. రెండో గీతకి కొలత వెతక్కండి, షీట్‌ని తిప్పి అదే గాడిలో మళ్లీ గీయండి. తలుపులు రెండూ కచ్చితంగా ఒకేలా వస్తాయి. మధ్యలో తలుపులు ఒకదానికొకటి తగులుతుంటే ఒక తలుపు అంచుని వెంట్రుకవాసి కోయండి. ఈ మడత పీచుకి అడ్డం పడుతుంది కాబట్టి 220 జీఎస్ఎం దాటొద్దు.

చదివింపుల కార్డు చేసేవాళ్లు ఇది వినండి. ఇప్పటి 500 నోటు 150 బై 66 మిల్లీమీటర్లు. మనం చేసిన చిన్న కార్డు 146. నోటు పట్టదు! అందుకని 5¾ బై 8¼ ముక్కని పొడవునా 2⅞ దగ్గర మడవండి. 209 బై 73 వస్తుంది, నోటు మడవకుండా పడుతుంది. ఇదీ పీచుకి అడ్డమే, తేలిగ్గా నాలుగుసార్లు గీసి నెమ్మదిగా మడవండి.

బోర్డు వెనక అర గురించి కంపెనీ చాలా గొప్పగా చెప్పింది. స్టైలస్, బోన్ ఫోల్డర్, చిన్న స్కేలు పడతాయి, మంచిదే. ‘మీ క్రాఫ్ట్ సామానంతా ఒకేచోట’ అన్నది మాత్రం ఒప్పుకోను. సామాను సర్దుకోవడానికి అసలైన సాయం ఆ 11½ బై 8¼ లెక్కే చేస్తుంది. కొన్న ప్యాకెట్ కొన్నట్టే ఒక పూట కూర్చుని ట్రిమ్ చేసి, మడవని షీట్లు ఒక జిప్ కవర్లో, 5¾ బై 8¼ ముక్కలు ఒకదాంట్లో, 5½ బై 3⅞ పై షీట్లు ఇంకోదాంట్లో పెట్టి సైజు రాసేయండి. చివర్న తెగిన 5 మిల్లీమీటర్ల పట్టీలు కూడా పారేయొద్దు, అంచులకి పనికొస్తాయి. కవర్లు పడుకోబెట్టి పెట్టండి. నిలబెడితే, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో, షీట్లు వంగిపోతాయి. వంగిన షీట్‌ని గైడ్‌కి, అంటే షీట్ ఆనించే బోర్డు అంచు పట్టీకి, ఆనిస్తే కొలత తప్పుతుంది. డబుల్ సైడ్ టేప్ చుట్టల మధ్య బటర్ పేపర్ వేయండి, మే నెల వేడికి గమ్ అంచుల్లోంచి కారి దుమ్ము పట్టేస్తుంది.

ఇక తీర్పు. సెంటీమీటర్ల గాడులు లేకుండా సెంటీమీటర్ల పేరు వాడుకోవడం నాకు అస్సలు నచ్చలేదు, ఇక్కడ అమ్మే బోర్డుకి 148.5, 105 దగ్గర రెండు గాడులు వేయడం పెద్ద పని కాదు. అయినా గాడులు లోతుగా, వంకర లేకుండా ఉన్నాయి, స్టైలస్ బాగుంది. నెలకి పది, ఇరవై కార్డులు చేసేవాళ్లు తీసుకోండి. పండక్కో పుట్టినరోజుకో ఒకటి చేసేవాళ్లకి స్టీలు స్కేలు, ఇంకు అయిపోయిన బాల్‌పెన్, కింద నాలుగు పాత పేపర్లు చాలు.

కొన్నవాళ్లు ముందుగా ఒక పరీక్ష చేయండి. 11½కి కోసిన షీట్‌ని గైడ్‌కి ఆనించి 5¾ దగ్గర గీయండి. పై అంచు పైనే ఉంచి, కుడి అంచు ఎడమకొచ్చేలా షీట్‌ని బోల్తా వేసి మళ్లీ అదే గాడిలో గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి. సమదూరంలో పక్కపక్కన పడితే మీ కోత తప్పు. కత్తెరలా దాటుకుంటే ముందు షీట్ మూలల్ని మట్టంతో చూడండి. మూలలు సరిగ్గా ఉంటే బోర్డు గైడే వంకర, రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపించేయండి.