మూడో చరణం దాకా

శ్రోతలందరికీ నమస్కారం.

మా చిన్నప్పుడు రాత్రి ఎనిమిదింటికి అరుగు మీది లాంతరు ఇంట్లోకి వచ్చేది. అంటే ప్రార్థన వేళయిందని అర్థం. చాప పరిచేవాళ్లు, నాన్న బైబిలు తీసేవాడు, అమ్మ పొయ్యి మీద కూర దించి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేది, మేం నలుగురు పిల్లలం సగం నిద్రలో, సగం ఆకలిలో గోడకి ఆనుకునేవాళ్లం. "ఈ రోజు ఎవరు ఎత్తుకుంటారు?" అని నాన్న అడగ్గానే అందరం తలలు దించేవాళ్లం. పాట ఎత్తుకోవడం అంటే మాటలు కాదు. శ్రుతి హెచ్చయితే చరణంలో గొంతు అందదు, తగ్గితే నాయనమ్మ మధ్యలో ఆపేసి "మళ్లీ ఎత్తు" అంటుంది. ఎలాగో ఎవరో ఒకరం ఎత్తుకునేవాళ్లం. పల్లవి అందరికీ వచ్చు. మొదటి చరణం వచ్చు. రెండో చరణం తడుముకుంటూ పాడేవాళ్లం. మూడో చరణానికి వచ్చేసరికి మా గొంతులన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయి నాయనమ్మ గొంతు ఒక్కటే మిగిలేది.

ఆవిడకి అక్షరం ముక్క రాదు.

విశ్వాసం ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎలా వస్తుందని ఎవరైనా అడిగితే నాకు ఆ చాప, ఆ గొంతు గుర్తుకొస్తాయి. ప్రసంగాలు ఎన్నో విన్నాను, మంచివి విన్నాను, వాటి వల్ల మేలు పొందాను. అయినా కష్టం వచ్చినప్పుడు నోటికి అందింది ప్రసంగం కాదు, పాట. అందులోనూ మూడో చరణం. ఎందుకంటున్నానో చెబుతాను.

మన తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. చాలా కీర్తనలకి పైన రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. ఆనందభైరవి, ఆది తాళం అనో, ఇంకో రాగం, త్రిపుట తాళం అనో. కింద పల్లవి, ఒక్కోచోట అనుపల్లవి, ఆ తర్వాత చరణాలు, ఆరు, ఎనిమిది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. పందొమ్మిదో శతాబ్దంలో పర్లాకిమిడి ప్రాంతం నుంచి వచ్చిన పురుషోత్తమ చౌదరి గారు ఈ బాటలో ముందు నడిచినవాళ్లలో ముఖ్యులు. తెలుగు చక్కగా చదువుకున్న మనిషి, 1833లో బాప్తిస్మం తీసుకున్నారు, తర్వాత ఊరూరా తిరిగి బోధించారు, కీర్తనలు రాశారు. దొరల పాటల్ని తెలుగు మాటల్లో పెట్టి ఊరుకోలేదు, జనం నోట అప్పటికే ఆడుతున్న కీర్తన పద్ధతిలోనే క్రీస్తుని పాడారు. ఆ ఒక్క పని ఎంత పెద్దదో మనం తరచుగా మరిచిపోతాం.

ఆ పాటల నడక గమనిస్తే ఒకటి తెలుస్తుంది. పల్లవిలో స్తుతి ఉంటుంది. మొదటి చరణంలో దేవుడి గొప్పతనం ఉంటుంది. లోపలికి వెళ్లేకొద్దీ పాడే మనిషి బయటికి వస్తాడు, వాడి పాపం, వాడి రోగం, చావంటే వాడికున్న భయం, నన్ను వదలొద్దు ప్రభువా అన్న వేడుకోలు. అన్నీ అలాగే ఉంటాయని కాదు గానీ చాలా వాటిలో ఇదే వరస. గుడిలో టైము చాలదని "మొదటి, రెండు, ఆఖరి చరణాలు పాడుకుందాం" అని అయ్యగారు ప్రకటిస్తారు. తప్పు పట్టడం లేదు, ఆరాధనలో ఇంకా చాలా జరగాలి. కానీ అలా వదిలేసిన మధ్య చరణాలు నేర్చుకునే చోటు ఇల్లు ఒక్కటే. ఇంట్లో తొందర లేదు, నాయనమ్మ అన్ని చరణాలూ పూర్తయితే గానీ ఆమెన్ అననిచ్చేది కాదు.

మా వైపు, ఒంగోలు చుట్టుపక్కల, ఈ సంగతికి పెద్ద చరిత్రే ఉంది. 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జూయెట్ దొరగారు, దొరసానిగారు, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు, అయిదుగురే, ఒంగోలులో ఒక కొండెక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థన చేశారు. ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అనే అంటారు. పన్నెండేళ్ల తర్వాత, 1866లో, ఇంకో అమెరికా మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చి ఉన్నారు. 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరవు. ఆయన బకింగ్‌హాం కాలవలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి పని, కూలి, తిండి చూపించారు. తిండి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని కరవు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. చివరికి 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ అంకె చాలామందికి తెలుసు, గుళ్లలో గర్వంగా చెప్పుకుంటాం. నా మనసు మాత్రం ఎప్పుడూ ఆ మర్నాటి మీదే ఉంటుంది. తడి బట్టలు ఆరాక ఆ రెండు వేల మంది ఎక్కడికి వెళ్లారు? ఎవరి పల్లెకి వాళ్లు వెళ్లారు. చాలా పల్లెల్లో గుడి లేదు, బోధకుడు అప్పుడప్పుడు వస్తాడు, ఇంట్లో బైబిలు ఉన్నా చదివేవాళ్లు ఉండరు, పైగా ఊళ్లో పెద్దల కోపం. మరి ఏం పట్టుకుని నిలబడ్డారు? ఒకరు ఒక పాదం పాడితే అందరూ అందుకుంటారు, మళ్లీ ఇంకో పాదం, అలా నాలుగు రాత్రులు పాడితే పాట నోటికి వచ్చేస్తుంది, ఆ పాటలో సువార్త ఉంది. మా నాయనమ్మకి వాళ్లమ్మ అలాగే నేర్పింది, ఆవిడకి వాళ్లమ్మ. కలుపు తీస్తూ పాడేవాళ్లు, నాట్లు వేస్తూ పాడేవాళ్లు, చంటిపిల్లని ఊపుతూ పాడేవాళ్లు. క్రీస్తు పుట్టుక, శ్రమలు, సిలువ, పునరుత్థానం, అన్నీ పాటల వరసలోనే నాయనమ్మకి తెలుసు. ఆవిడ బైబిలు అదే.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది నాకు చాలా దగ్గరి సంగతి. ఆ పల్లెలు ఊరికి దూరంగా పెట్టిన పల్లెలు. ఊరి గుడి గడప తొక్కనివ్వలేదు, బడి గడప తొక్కనివ్వలేదు, బావి నీళ్లు ముట్టనివ్వలేదు. అలాంటి మనుషుల నోట రాగం, తాళం ఉన్న కీర్తన పలికింది. అది ఆనందభైరవి అని నాయనమ్మకి తెలియదు, కంజర మీద తాళం తప్పితే మాత్రం వెంటనే తెలిసేది. నీ గొంతు దేవుడికి కావాలి అని ఎవరో మొదటిసారి చెబితే ఆ మనిషి నడుము ఎంత నిటారుగా అవుతుందో ఆలోచించండి. నేను వేదాంతం చదువుకోలేదు గానీ, మా వాళ్లకి విశ్వాసం అంటే ముందు ఆ నిటారుతనమే అని నమ్ముతాను.

పౌలు తిమోతికి రాసిన ఉత్తరంలో, నీలో ఉన్న విశ్వాసం ముందు మీ అవ్వ లోయిలో, మీ అమ్మ యునీకేలో ఉంది అని గుర్తు చేస్తాడు. మన తెలుగు బైబిల్లో అక్కడ "అవ్వ" అనే ఉంటుంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

సంఘం గురించి చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. అమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. వారమంతా అలా వేసి, ఆదివారం గుడికి తీసుకెళ్లేది. పిడికెడు బియ్యం కానుక. మాకు బియ్యం తక్కువైన రోజుల్లో కూడా ఆ పిడికెడు తగ్గలేదు, నేను చూశాను. ఆ బియ్యం సంఘానికి బోధించే ఉపదేశి గారింటికి వెళ్లేది, ఒక్కోసారి జబ్బుపడ్డవాళ్ల ఇంటికి వెళ్లేది, ఒక వానాకాలం మా ఇంటికే వచ్చింది. దోర్నకల్ అధ్యక్ష ఖండంలో, అంటే అక్కడి బిషప్పు కింద ఉన్న సంఘాల్లో, ఈ పిడికెడు బియ్యం అలవాటు బాగా ఉండేది. అక్కడ 1912 నుంచి బిషప్పుగా ఉన్న అజరయ్య గారు మన రాగాల్ని, మన భజనల్ని ఆరాధనలో ప్రోత్సహించారు. బాప్తిస్మం తీసుకున్న ప్రతి ఒక్కరి చేత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ, అంటే నాకు కీడే, అని చెప్పించేవారట. అంటే చదువురాని కూలి మనిషి మీద కూడా సంఘం బరువు ఒక కొస పెట్టారన్నమాట. మోయాల్సింది ఏదో ఉంటేనే మనిషి ఆ చోటు మనది అనుకుంటాడు.

నాన్న పోయిన రాత్రి నాకు ఇది పూర్తిగా అర్థమైంది. సాయంత్రం దీపాల వేళకి పోయాడు. గంట తిరక్కుండా పల్లె అంతా వచ్చేసింది. ఎవరో చాపలు తెచ్చారు, ఎవరో టీ పెట్టారు, స్త్రీల సమాజం వాళ్లు అమ్మ చుట్టూ కూర్చున్నారు. ఎవరూ ఓదార్పు మాటలు పెద్దగా చెప్పలేదు. పాట ఎత్తుకున్నారు. ఒకటి అయ్యాక ఒకటి, తెల్లవారేదాకా. ఆ రాత్రి కరెంటు పోయింది, పుస్తకాలు కనపడవు, అయినా ఒక్క చరణం ఆగలేదు. నేను నోరు తెరవలేకపోయాను. ప్రార్థన చేయాలంటే కోపం వచ్చింది, దేవుడి మీదే కోపం. నేను పాడలేని పాటని నా బదులు అరవై మంది పాడుతున్నారు. మూడింటప్పుడనుకుంటా, ఒక పాత కీర్తన, నాన్న ఎప్పుడూ కళ్లు మూసుకుని పాడేది, మూడో చరణానికి వచ్చింది. నాకు తెలియకుండానే నా పెదాలు కదిలాయి. నమ్మకం తిరిగి వచ్చిందని చెప్పను, అది చాలా నెలలు పట్టింది. పెదాలు కదిలాయి, అంతే. మర్నాడు సమాధుల తోటలో నేనూ పాడాను.

ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల దెబ్బలు తిని అర్ధరాత్రి పాడుతుంటే ఖైదీలు వింటున్నారని రాసి ఉంది. ఆ ఖైదీల సంగతి ఎవరూ పెద్దగా ప్రసంగించరు. ఆ రాత్రి మా ఇంట్లో నేను ఆ ఖైదీల్లో ఒకదాన్ని.

తల్లిదండ్రులకి ఒక మాట చెప్పాలని ఉంది, కొంచెం కటువుగా ఉంటే క్షమించండి. కుటుంబ ప్రార్థనలో పిల్లల తప్పులు దేవుడికి ఫిర్యాదు చేయకండి. "ప్రభువా, వీడు చదవడం లేదు, వీడికి బుద్ధి ఇవ్వు" అని వాడి పక్కనే కూర్చుని గట్టిగా ప్రార్థిస్తే వాడికి దేవుడు ఇంకో హెడ్మాస్టరు అవుతాడు. అలా పెరిగి గుడికి దూరమైన వాళ్లని నాకు తెలిసిన ఇళ్లలోనే చూశాను. నిద్రపోతే పోనివ్వండి, చాప మీద నిద్రలో విన్న పాట కూడా లోపలికి వెళుతుంది. అరగంట వద్దు, పది నిమిషాలు చాలు, కానీ రోజూ. వాడి చేత పాట ఎత్తించండి, శ్రుతి తప్పినా వాడి వెనకే పాడండి.

సంఘ పెద్దలకి కూడా ఒక మనవి. ఇప్పుడు గుళ్లలో స్క్రీను మీద పాట వస్తోంది, కీబోర్డు, ప్యాడ్స్, పెద్ద స్పీకర్లు. పిల్లలు ఎంత ఉత్సాహంగా వాయిస్తున్నారో చూస్తే సంతోషమే, కొత్త పాటల్లో నాకు ఇష్టమైనవి చాలా ఉన్నాయి. కానీ స్క్రీను ఉంటే కంఠతా పట్టే అవసరం పోతుంది, స్పీకరు హోరులో పక్కన నిలబడ్డ మనిషి గొంతు వినపడదు. నాకు పాట నేర్పింది పక్క గొంతే. ఆదివారానికి ఒక్క పాట, మైకు కట్టేసి, స్క్రీను ఆపేసి, ముసలివాళ్లలో ఎవరినైనా ఎత్తుకోమని అడగండి. మొదటి రెండు వారాలు ఇబ్బందిగానే ఉంటుంది. మేం మా సంఘంలో చేసి చూశాం, ఆరో వారానికి సండే స్కూలు పిల్లలు అయిదు చరణాలు చూడకుండా పాడారు.

మన వాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. మా పెద్దమ్మ కూతురు ఇంటి పనికని కువైట్ వెళ్లింది, అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆరాధన శుక్రవారమే. వెళ్లిన కొత్తలో భాష రాదు, ఏడుపు ఆగదు, మొదటి శుక్రవారం తెలుగు ఆరాధనకి ఎవరో తీసుకెళితే కోనసీమ వాళ్లు, కడప వాళ్లు, నెల్లూరు వాళ్లు కలిసి ఒక కీర్తన పాడుతున్నారట, మా పల్లెలో పాడేదే. "గుమ్మంలో నిలబడే పాడేశానక్కా" అని చెప్పింది.

నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. అమ్మ పల్లెలోనే ఉంటుంది, మేం సికింద్రాబాద్‌లో. రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేస్తుంది, స్పీకర్లో పెట్టి మధ్యలో ఉంచుతాం. మొదట్లో అందరం కలిసి పాడబోతే సిగ్నల్ వల్ల గొంతులు కలిసేవి కావు, మేం పాదం చివర ఉంటే అమ్మ ఇంకా మొదట్లో ఉండేది. ఇప్పుడు అమ్మే ఒక పాదం పాడి ఆగుతుంది, అది ఇక్కడికి చేరాక మేం అందుకుంటాం, మాది చేరాక అమ్మ తర్వాతి పాదం పాడుతుంది. మా చిన్నవాడికి తొమ్మిదేళ్లు. ఈ వారం మూడో చరణంలో ఉన్నాం.

సెలవు, నమస్కారం.