దమ్ముతో వచ్చిన పిల్లలకు నెబులైజర్ ఆక్సిజన్ మీదే నడపాలి

నమస్తే. చలి, జలుబులు మొదలయ్యాయంటే పీహెచ్‌సీకి దమ్ముతో, అంటే ఆస్తమా ఆయాసంతో, పిల్లలు వస్తూనే ఉంటారు. స్టాఫ్ నర్సులకు ఈ వీడియో బాగా పనికొస్తుంది.

ముందు చొక్కా విప్పి చూడండి. డొక్కలు ఎగరేస్తున్నాడా? గొంతు కింద గుంట పడుతోందా? ఒక వాక్యం పూర్తిగా చెప్పగలుగుతున్నాడా? పిల్లికూతలు లేవని తేలిగ్గా తీసుకోవద్దు. అంత ఆయాసంలోనూ స్టెతస్కోప్‌లో ఏమీ వినపడట్లేదంటే లోపల గాలే ఆడట్లేదు. మగతగా ఉంటే ఇంకా ప్రమాదం. వెంటనే డాక్టర్‌ను పిలవండి.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే పల్స్ ఆక్సీమీటర్‌ను గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలికే పెట్టండి. చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి. అంకె నిలకడగా ఉన్నాకే రాసుకోండి. 94 కంటే తక్కువుంటే ఆక్సిజన్ పెట్టాలి, 94–98 మధ్య నిలపాలి. 92 కంటే దిగితే తీవ్రమైన ఆస్తమా కిందే లెక్క.

ముక్కు గొట్టాలైతే నిమిషానికి 1–2 లీటర్లు. మామూలు మాస్కుకు 5 లీటర్లకు తగ్గించొద్దు, తగ్గిస్తే వదిలిన ఊపిరే మాస్కులో తిరుగుతుంది. సంచి ఉన్న మాస్కుకు 10–15, ఊపిరి పీల్చినప్పుడు సంచి ముడుచుకుపోకూడదు. పిల్లాడిని పడుకోబెట్టకండి, అమ్మ ఒళ్లో కూర్చోబెట్టండి. ఏడిస్తే ఆయాసం ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. నెబులైజర్ (మందును పొగలా మార్చి పీల్పించేది) పెట్టాలని ఆక్సిజన్ తీసేసి కరెంటు మెషీన్‌కు కలుపుతారు. ఆ మెషీన్ ఇచ్చేది గది గాలే. పైగా ఊపిరి గొట్టాలను తెరిచే సాల్బుటమాల్ మందు పడగానే, గాలి సరిగా ఆడని భాగాలకు కూడా రక్తం ఎక్కువగా పోతుంది, కాబట్టి ఆక్సిజన్ ఇంకొంచెం దిగొచ్చు. అందుకే సిలిండర్‌కే కలపండి. ఇటు చూడండి: ఆక్సిజన్‌ను తడిపే నీళ్ల బాటిల్ తీసేసి, నెబులైజర్ గొట్టం నేరుగా ఫ్లోమీటర్‌కు (ఆక్సిజన్ ఎన్ని లీటర్లు పోతోందో చూపేది) పెట్టాలి. బాటిల్ ఉంటే మధ్యలో లీకై ఒత్తిడి తగ్గుతుంది. ఫ్లో 6–8 లీటర్లు. అంతకు తగ్గితే పొగ సరిగా రాదు, మందు కప్పులోనే మిగులుతుంది.

బరువు 20 కిలోల లోపుంటే సాల్బుటమాల్ 2.5 మిల్లీగ్రాములు, పైబడితే 5. తీవ్రంగా ఉంటే ఊపిరి గొట్టాలను తెరిచే ఇంకో మందు ఇప్రాట్రోపియం 250 మైక్రోగ్రాములు కలపండి. కప్పులో మొత్తం 3–4 ఎంఎల్ ఉండాలి, తగ్గితే సెలైన్ పోయండి. మొదటి గంటలో 20 నిమిషాలకోసారి, మూడుసార్లు. మధ్యలో మళ్లీ ఆక్సిజన్ మాస్కే. స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసోలోన్ ఆ గంటలోనే పడాలి, అది పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది.

మూడు నెబులైజేషన్ల తర్వాత కూడా డొక్కలు ఎగరేస్తుంటే 108కి చేయండి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి చెప్పండి. బయల్దేరేముందు సిలిండర్ లెక్క చూసుకోండి. నిండు బి టైప్‌లో దాదాపు 1,500 లీటర్లు ఉంటాయి. గేజ్ సగం చూపిస్తే 750. నిమిషానికి 10 లీటర్లతో 75 నిమిషాలే వస్తుంది. ఏటూరునాగారం నుంచి వరంగల్ దాదాపు 100 కిలోమీటర్లు. ఆ సిలిండర్ చాలదు, రెండోది నిండుది బండిలో పెట్టించండి.