నిద్ర లేపి నెత్తురు తీసే మనుషులు

అధ్యక్షుల వారికీ, సభకి వచ్చిన అమ్మలకీ అయ్యలకీ దండాలు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో, ఆయన పుట్టినరోజున, భాష గురించి మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్ళు నెత్తుటి స్లైడులు చూసినవాణ్ణి, నాకున్న మాట బోదకాలు. దాన్నే వాడుక తెలుగులో చెబుతాను.

బోదకాలు తెచ్చే పురుగు దోమకాటుతో ఒంట్లో చేరుతుంది, కుట్టుదారంలా ఉంటుంది. ఆడది ఎనిమిది, పది సెంటీమీటర్లు. ఒంట్లో ఊటనీరు పారే సన్నటి గొట్టాల్లో, అంటే లింఫు నాళాల్లో, ఏళ్ళ తరబడి బతుకుతుంది. మరి ఒంటికి కాపలా కాసే కణాలు ఏం చేస్తున్నట్టు?

ఇక్కడే ఎక్సోజోముల సంగతి వస్తుంది. కణాలు బయటికి వదిలే బుడగలివి, 30 నుంచి 150 నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షో వంతు ఒక నానోమీటరు). నా మైక్రోస్కోపుకి అందేవి కావు. బోదపురుగుల్లో ఒక రకం బ్రూజియా మలయి. దాని పిల్లపురుగులు ఇలాంటి బుడగల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ, అంటే కణాల్లో జన్యువుల పనిని అదుపు చేసే చిన్న తునకలు, నింపి వదులుతాయనీ, మన కాపలా కణాలు వాటిని మింగుతాయనీ 2015లో ప్రయోగశాలలో చూశారు. ఎలుక పేగుల్లోని ఇంకో పురుగు బుడగలైతే ఎలుక రోగనిరోధక శక్తినే అణిచాయి. కన్నం వేసేవాడు ముందు కుక్కకి ముద్ద పడేస్తాడే, అలాగ.

మా అమ్మ పెళ్ళిళ్ళలో ఆఖరి బంతికి కూర్చునేది, కుచ్చిళ్ళు ఎడమకాలి మీదికి లాక్కుని. ఆ కాలు వాయక ముందు, నా చిన్నప్పుడు, ఒక రాత్రి నెత్తురు తీసేవాళ్ళు తలుపు కొట్టారు. ఈ పురుగు పిల్లలు రాత్రిపూటే నెత్తుట్లోకి వస్తాయి మరి. "జబ్బు లేని మనుషుల్ని లేపడమేంటి?" అని నాన్న గడియ తియ్యలేదు. గడియ మీద చెయ్యేసి నిలబడింది నేనే. తరవాత ఉద్యోగంలో నేను తలుపు కొట్టిన ప్రతి వీధిలోనూ అదే మాట విన్నాను. జబ్బు లేదు, జబ్బు లేదు. పురుగు ఉండీ ఏ బాధా తెలియనివాళ్ళు ఎంతమందో!

ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి బోదకాలు మాత్రలిస్తే కొంగున ముడేసి "రాత్రికి మింగుతాంలే" అంటారు. అమ్మా, వాళ్ళ ఎదుటే మింగండి. అవి పురుగు మందులు: డీఈసీ, ఆల్బెండజోల్, కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా. ఆ ఐవర్‌మెక్టిన్ పడితే పురుగులు బుడగలు వదలడం తగ్గిందని ప్రయోగశాలలో తేలింది. గర్భిణులకీ, రెండేళ్ళలోపు పిల్లలకీ, మంచం పట్టినవాళ్ళకీ మాత్రం ఈ మాత్రలేవీ వద్దు.

భాష గురించి చెప్పనేలేదు, అధ్యక్షులు మన్నించాలి. కాలు వాచినవాళ్ళకి వేళ్ళ సందుల్లో తడి నిలిస్తే పుండు పడుతుంది, జ్వరం తిరగబెడుతుంది. వెనక కుళాయి దగ్గర బేసిన్, సబ్బు, మెత్తటి తువ్వాలు పెట్టించాను. సభ అయ్యాక ఉండండి, కడిగి ఆరబెట్టడం చూపిస్తాను. మా అమ్మకి ఎవరూ చూపించలేదు.