ఆ చేతుల ఖర్చు ఏ పద్దులో రాశారు?

(శ్రీకాకుళం నుంచి ఆదివారం ఉదయం సాగిన ఫోన్-ఇన్ కార్యక్రమం ఇది. సలహాలు ఇచ్చినవారు రిటైరైన ఎకనామిక్స్ లెక్చరర్. శ్రోతల పేర్లు తీసేశాం.)

యాంకర్: మొదటి కాల్ పలాస నుంచి. చెప్పండి.

పలాస శ్రోత: నమస్కారం మాస్టారూ. కాశీబుగ్గ దగ్గర నాకు చిన్న జీడిపప్పు యూనిట్ ఉందండి. 14 మంది ఆడవాళ్లు పనిచేస్తారు. మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. మొన్న రాత్రి అన్నం తింటుంటే "నాన్నా, నువ్వు వాళ్ల కష్టం తింటున్నావు" అంది. ముద్ద దిగలేదండి. అప్పటి నుంచి నిద్ర లేదు, ఒకటే టెన్షన్. లాభం తీసుకోవడం తప్పా మాస్టారూ?

మాస్టారు: తప్పు కాదు బాబూ. యూనిట్ ఎలా పెట్టారో ముందు చెప్పండి.

పలాస శ్రోత: మా నాన్న బస్తాలు మోసిన మనిషండి. నేను వేరేవాళ్ల యూనిట్లో పప్పు ఆరబెట్టే బోర్మా దగ్గర పదేళ్లు పనిచేశాను. ఆ తర్వాత బ్యాంకు అప్పు తెచ్చి సొంతంగా పెట్టాను. 2018లో తిత్లీ తుఫానుకు షెడ్డు రేకులన్నీ ఎగిరిపోయాయి, జీడి పిక్కల బస్తాలు తడిసిపోయాయి. మళ్లీ అప్పు చేశాను. ఆ వడ్డీ కడుతున్నది నేనే కదండీ. ఆఫ్రికా నుంచి వచ్చే పిక్కల రేటు నా చేతిలో లేదు. పప్పు రేటూ నా చేతిలో లేదు.

మాస్టారు: ఆ తుఫాను తర్వాత ఉద్దానంలో జీడి తోటలు, కొబ్బరి తోటలు ఎలా పడి ఉన్నాయో చూశాను. అంత దెబ్బ తిన్నాక మళ్లీ షెడ్డు లేపారు. నష్టం వస్తే పోయేది మీ ఇల్లే కాబట్టి లాభంలో మీ వాటా మీకు రావాలి. అందులో పాపం లేదు. మా కుర్రతనంలో స్కూటర్ బుక్ చేస్తే ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లం. ఫోన్ కనెక్షన్‌కూ అంతే. ఏ ఫ్యాక్టరీ ఏం తయారు చేయాలో, ఎంత చేయాలో లైసెన్సులు తేల్చేవి. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత ఆ పట్టు చాలావరకు సడలింది. బస్తాలు మోసిన మనిషి కొడుకు యూనిట్ పెట్టగలిగాడంటే అది ఈ పెట్టుబడిదారీ పద్ధతిలో ఉన్న మంచి. దాన్ని నేను తక్కువ చేయను. మరి మీ లెక్క పుస్తకంలో ఏమేం రాస్తారు?

పలాస శ్రోత: పిక్కల ఖరీదు, లారీ కిరాయి, కరెంటు, బాయిలర్ రిపేరు, కూలి, డబ్బాలు, వడ్డీ.

మాస్టారు: కటింగ్ దగ్గర కూర్చునేవాళ్ల చేతులు ఎప్పుడైనా చూశారా?

పలాస శ్రోత: (కాసేపు ఆగి) చూశానండి. పిక్క కోసినప్పుడు జీడి నూనె పడి వేళ్లు నల్లబడతాయి. తోలు ఊడుతుంది.

మాస్టారు: ఆ ఖర్చు ఏ పద్దులో రాశారు?

(లైన్లో నిశ్శబ్దం.)

మాస్టారు: మిమ్మల్ని నిలదీయడానికి అడగలేదు బాబూ. బాయిలర్ పాడైతే బాగు చేయించి పద్దు రాస్తారు. ఆమె చెయ్యి పాడైతే ఆ ఖర్చు ఆమె ఇంట్లో పడుతుంది, మీ పుస్తకంలో కనిపించదు. పెట్టుబడిదారీ పద్ధతిలో నాకు కనిపించే అసలు తప్పు ఇదే. సరుకు తీయడానికయ్యే ఖర్చులో కొంత భాగాన్ని, కాదనలేని మనిషి ఒంటి మీదకు తోసేస్తాం. తోసేసి, మిగిలిందంతా లాభమని రాసుకుంటాం.

పలాస శ్రోత: మా అమ్మాయి మాట్లాడతానంటోందండి.

అమ్మాయి: మాస్టారూ, మా నాన్న మంచివాడే. నాకు నచ్చనిది పద్ధతి. ఎవరిష్టంతో వాళ్లు పనికి వస్తున్నారంటారు. ఇంకో దారి లేనివాళ్లు వస్తే దాన్ని ఇష్టం అనొచ్చా?

మాస్టారు: స్వేచ్ఛా వ్యాపారానికి పెద్దదిక్కు అని చెప్పుకునే ఆడమ్ స్మిత్ 1776లోనే ఈ సంగతి రాశాడు తల్లీ. కూలి దగ్గర పేచీ వస్తే యజమాని ఏడాది రెండేళ్లయినా నెట్టుకొస్తాడు, చాలామంది కూలివాళ్లు వారం కూడా ఆగలేరు అన్నాడు. కూలి పెరగకుండా చూడటంలో యజమానులు లోలోపల ఎప్పుడూ ఒక్కటేనని కూడా అన్నాడు. ఆయన పేరు చెప్పేవాళ్లు చాలామంది ఆ పేజీల దాకా రారు. మార్క్స్ పేరు చెప్పేవాళ్లూ అంతే. పెట్టుబడిదారీ వర్గం వందేళ్లు నిండకుండానే వెనకటి తరాలన్నీ కలిసినా సాధించలేనంత ఉత్పత్తి శక్తిని లేపిందని 1848లో రాసింది ఆయనా, ఆయన సహచరుడు ఎంగెల్సే. నువ్వు ఇద్దరినీ చదువు.

అమ్మాయి: అయితే యూనిట్లన్నీ ప్రభుత్వమే తీసుకుంటే పోదా?

మాస్టారు: సోవియట్ యూనియన్‌లో అది చేసి చూశారమ్మా. కొట్ల ముందు క్యూలు మిగిలాయి. అక్కడ యజమానీ ప్రభుత్వమే, పోలీసూ ప్రభుత్వమే. కూలివాడు ఎవరి దగ్గరికి వెళ్లి మొరపెట్టుకోవాలి? నాకు ఆ దారి మీద నమ్మకం లేదు. చట్టం మీద, సంఘం మీద ఉంది. తొమ్మిదేళ్ల లోపు పిల్లల్ని చాలా రకాల బట్టల మిల్లుల్లో పెట్టకూడదని ఇంగ్లండ్‌లో 1833లో చట్టం తెచ్చారు. దెబ్బతింటామని మిల్లుల వాళ్లు గోల పెట్టారు. ఆ తర్వాత కూడా మిల్లులు నడిచాయి, పెరిగాయి.

యాంకర్: మందస వైపు నుంచి ఒకామె చాలాసేపటిగా లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

మందస శ్రోత: నేను పదహారేళ్లుగా కటింగ్ పని చేస్తున్నానండి. ఇందాక మాట్లాడిన బాబు దగ్గర కాదు, వేరే చోట. మీరు మా చేతుల గురించి అడిగారు, సంతోషం. ఇప్పుడా బాబు ఏటి చేస్తారో నాకు తెలుసు. గ్లౌజులు కొంటారు.

మాస్టారు: కొంటే మంచిదే కదమ్మా?

మందస శ్రోత: మాకూ కొనిచ్చారండి. గ్లౌజు వేసుకుంటే పిక్క వేలికి తెలియదు. కత్తి మధ్యన పిక్క కుదురుగా పెట్టకపోతే లోపల పప్పు విరుగుతుంది. విరగని గుండు పప్పు తగ్గిందని మేస్త్రి తిడతాడు. చెయ్యి కూడా నెమ్మదిస్తుంది. మాది కిలో లెక్క కూలి. గ్లౌజు వేసుకున్న రోజు డబ్బులు తగ్గుతాయి. అందుకే తీసి పక్కన పెట్టి, చేతులకు ఆముదం రాసుకుని కూర్చుంటాం. అప్పుడు "ఇచ్చినా వాళ్లే వేసుకోరు" అంటారు.

మాస్టారు: 30 ఏళ్లు పాఠాలు చెప్పానమ్మా, ఇది నాకు తట్టలేదు. పలాస బాబూ, వింటున్నారా? గ్లౌజుల ధర చిన్న ఖర్చు. గ్లౌజు వేసుకుంటే తగ్గే పని ఎంతో చూసి, అంత మేరకు కిలో రేటు పెంచాలి. 1948లో కనీస వేతనాల చట్టం చేసినప్పుడే కిలోల లెక్కన, వస్తువుల లెక్కన పనిచేసేవాళ్లను కూడా అందులో చేర్చారు.

మందస శ్రోత: ఆ బాబు ఒక్కడే రేటు పెంచితే పక్క యూనిట్ వాళ్లు పెంచరు కదండీ. అప్పుడు ఆయన మునిగిపోతాడు. విజయనగరం జిల్లాలో జూట్ మిల్లు మూసేస్తే మా ఆడపడుచు ఇల్లు ఏమైందో నేను కళ్లారా చూశాను. చేతులు కాలితే ఓర్చుకుంటాం, పని పోతే ఎలాగండీ?

మాస్టారు: మీరన్నది నిజం. ఒక్క మంచి మనిషి వల్ల తీరే పని కాదిది. ఊరంతటికీ ఒకే రేటు ఉండాలి. కూలి తగ్గించి పోటీలో గెలవడం ఎవరికీ వీలు కాకూడదు. గెలవాలంటే పప్పు విరగకుండా తీయాలి, కరెంటు ఆదా చేయాలి, కొత్త గిరాకీ వెతకాలి. అలాంటి పోటీ ఎంత ఉన్నా నాకు ఇష్టమే. అందుకు మీరు సంఘంగా కూడాలి, లేబర్ ఆఫీసు కదలాలి. యజమానుల సమావేశంలో ఈ మాట ఎత్తాల్సింది మాత్రం పలాస బాబే. దసరా, దీపావళి ఆర్డర్లు మొదలవకముందే ఆయన 14 మందినీ కూర్చోబెట్టి లెక్క పుస్తకం తెరవాలి. ఆయన కట్టే వడ్డీ ఎంతో వాళ్లకు తెలియాలి. వాళ్ల చేతులకు నెలకు ఎంత ఖర్చవుతోందో ఆయనకు తెలియాలి.

మందస శ్రోత: ఆముదం ఖర్చు కూడా చెప్పాలాండీ?

మాస్టారు: ముందు అదే చెప్పాలమ్మా.

యాంకర్: పలాస శ్రోత ఇంకా లైన్లోనే ఉన్నారు.

పలాస శ్రోత: అమ్మా, ఒక్క మాట. గ్లౌజు వేసుకుంటే రోజు మొత్తం మీద పని ఎంత తగ్గుతుంది?

మందస శ్రోత: నాకైతే నాలుగో వంతు పోతుంది బాబూ. కొత్తవాళ్లకు ఇంకా ఎక్కువ.

పలాస శ్రోత: (కాగితం చప్పుడు) నాలుగో వంతు. కొత్తవాళ్లకు ఎంతమ్మా?