శాశ్వత లైసెన్సా, ఏటా చందానా? ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్ కొనుగోలుపై ఒక సంభాషణ

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఒకేసారి డబ్బు కట్టి శాశ్వత లైసెన్సుగా కొనుక్కోవడం మంచిదా, ఏటేటా సబ్‌స్క్రిప్షన్ కడుతూ వాడుకోవడం మంచిదా అన్నది ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. విజయవాడలో ఇరవై ఏళ్లకు పైగా స్ట్రక్చరల్ కన్సల్టెన్సీ నడుపుతున్న ఇంజినీరు గారు మనతో ఉన్నారు. సర్, మీ ఆఫీసు బీరువా తాళాల గుత్తికి ఒక పాత డాంగిల్ కట్టి ఉంటుందని ఫోనులో చెప్పారు. అక్కడి నుంచే మొదలుపెడదామా?

ఇంజినీరు: నమస్కారమండీ. అది 2008లో కొన్న ఒక అనాలిసిస్ ప్రోగ్రాంతో, అంటే భవనం బరువును మోస్తుందో లేదో లెక్కకట్టే ప్రోగ్రాంతో, పాటు వచ్చిన హార్డ్‌వేర్ లాకు. బొటనవేలంత ఉంటుంది, దాన్ని యూఎస్‌బీలో పెడితేనే ప్రోగ్రాం తెరుచుకుంటుంది. అది పోతే మళ్లీ లైసెన్సు కొనుక్కోవలసిందేనని డీలరు అప్పుడే హెచ్చరించారు కాబట్టి తాళాల గుత్తికి కట్టేశాం. కొన్నేళ్ల క్రితం ఒక అపార్టుమెంటు సంఘం వాళ్లు వచ్చి, 2009లో మేము డిజైన్ చేసిన తమ ఐదంతస్తుల భవనం పైన ఇంకో నీళ్ల ట్యాంకు కట్టుకోవచ్చా, స్తంభాలు ఆ బరువును మోస్తాయా అని అడిగారు. మూల పడి ఉన్న పాత కంప్యూటరును తీసి, దుమ్ము తుడిచి, డాంగిల్ పెట్టాం. ప్రోగ్రాం తెరుచుకుంది, ఆనాటి మోడలూ తెరుచుకుంది. మేము ఆ ప్రోగ్రాంకు 2012 తర్వాత ఒక్క రూపాయి కట్టలేదు. అయినా ఆ సాయంత్రానికి వాళ్లకు జవాబు చెప్పగలిగాం.

వ్యాఖ్యాత: అంటే శాశ్వత లైసెన్సు పేరుకు తగ్గట్టే శాశ్వతమన్నమాట.

ఇంజినీరు: అంత మాట అనలేనండీ. శాశ్వతం అన్నప్పుడు వాడుకునే అనుమతికి గడువు లేదని మాత్రమే అర్థం. ఆ అనుమతి పనికిరావాలంటే దానికి సరిపడే కంప్యూటరు ఉండాలి, ఆ విండోస్ ఉండాలి, ఇప్పటి ప్రోగ్రాంలకైతే యాక్టివేషన్ ఇచ్చే కంపెనీ సర్వరు కూడా ఉండాలి. మా దగ్గరే ఇంకో శాశ్వత లైసెన్సు ఉండేది. హార్డ్ డిస్కు పాడైపోతే కొత్త దాంట్లో ప్రోగ్రాం ఎక్కించుకుని యాక్టివేషన్ కోసం రాశాం. ఆ వెర్షనుకు ఇక యాక్టివేషన్ ఇవ్వడం లేదని రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఇన్‌వాయిసు ఉంది, సీడీ ఉంది, సీరియల్ నంబరు ఉంది, ప్రోగ్రాం మాత్రం నడవదు. ఆ రోజు నాకు కలిగిన బాధ డబ్బు గురించి కాదు. నా సొంతమనుకున్నది నా చేతిలో లేదని తెలిసినందుకు.

వ్యాఖ్యాత: సొంతం అన్న మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లకు చట్టం ప్రకారం దక్కేది ఏమిటి?

ఇంజినీరు: ఆ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అది కూడా మన రాష్ట్రం నుంచే. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య అమ్మకపు పన్ను వివాదం నడిచింది. 1957 నాటి రాష్ట్ర అమ్మకపు పన్ను చట్టం కింద, ప్యాకెట్టులో పెట్టి ఎవరికైనా అమ్మే సాఫ్ట్‌వేర్‌ను సరుకుగా లెక్కించవచ్చా అన్నది అందులోని అంశం. సరుకే, పన్ను వేయవచ్చు అని 2004 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. తర్వాత 2021 మార్చిలో ఇంజినీరింగ్ అనాలిసిస్ అనే సంస్థ కేసులో, విదేశీ కంపెనీకి సాఫ్ట్‌వేర్ కోసం కట్టే డబ్బు రాయల్టీ (కాపీరైటు వాడుకున్నందుకు ఇచ్చే ప్రతిఫలం) కిందికి రాదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఎందుకు రాదంటే, వాడకందారుకు కాపీరైటులో ఏ వాటా బదిలీ కాదు, షరతులకు లోబడి వాడుకునే హక్కు మాత్రమే దక్కుతుంది. రెండు తీర్పులూ పన్నుల కోసం వచ్చినవే అయినా, మన చేతికి వచ్చేది ఏమిటో, రానిది ఏమిటో వాటిలో స్పష్టంగా కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: మరి అలా కొన్న లైసెన్సును ఇంకొకరికి అమ్ముకోవచ్చా?

ఇంజినీరు: అక్కడ దేశానికో మాట ఉంది. అమెరికాలో టిమొతీ వెర్నర్ అనే ఆయన ఒక ఆర్కిటెక్చర్ ఆఫీసు వదిలేసిన ఆటోక్యాడ్ రిలీజ్ 14 అనే డ్రాయింగు ప్రోగ్రాం ప్యాకెట్లను కొని ఈబేలో అమ్మకానికి పెట్టారు. దాన్ని తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ అభ్యంతరం చెప్పింది. కింది కోర్టు వెర్నర్ పక్షాన నిలిచినా, 2010లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును మార్చింది. ఆ ఆఫీసు వాళ్లు లైసెన్సుదారులే తప్ప యజమానులు కారు, కాబట్టి వాళ్ల దగ్గర కొన్నవారికీ అమ్మే హక్కు లేదు అంది. రెండేళ్ల తర్వాత యూరప్‌లో వాడిన లైసెన్సులను తిరిగి అమ్మే యూజ్డ్‌సాఫ్ట్‌కూ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒరాకిల్‌కూ మధ్య కేసులో ఐరోపా న్యాయస్థానం దీనికి భిన్నంగా చెప్పింది. గడువు లేకుండా వాడుకోవడానికి ఒకేసారి ధర తీసుకుంటే అది అమ్మకమే, అలా కొన్న లైసెన్సును తిరిగి అమ్ముకోవచ్చు అంది. గడువు ఉన్న చందాకు ఆ తర్కం వర్తించదు. నాకైతే యూరప్ తీర్పే న్యాయంగా కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: కంపెనీలు ఒక్కొక్కటిగా శాశ్వత లైసెన్సులను ఆపేయడం ఎలా జరిగింది?

ఇంజినీరు: ఆటోడెస్క్ సంగతి చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లలో ఎక్కువమందికి తగిలింది అదే. ఆటోక్యాడ్ 1982 డిసెంబరులో మార్కెట్లోకి వచ్చింది. అప్పటి నుంచి ముప్పై ఏళ్లకు పైగా శాశ్వత లైసెన్సుగా అమ్మారు. 2016 జనవరి 31 తర్వాత విడి ప్రోగ్రాంలకు కొత్త శాశ్వత లైసెన్సులు ఇవ్వబోమని 2015లో ప్రకటించి, అలాగే ఆపేశారు. పాతవాళ్లు మెయింటెనెన్సు కట్టుకుంటూ కొనసాగవచ్చన్నారు కానీ ఆ మెయింటెనెన్సు ధరను 2017లో 5 శాతం, 2018లో 10 శాతం, 2019లో 20 శాతం పెంచుతూ పోయారు. 2021లో ఆ పథకాన్నే ముగించారు. ఇంజినీరింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ చేసే పీటీసీ కంపెనీ 2018లో అమెరికా ఖండాల్లో, పశ్చిమ యూరప్‌లో, 2019లో మిగతా ప్రపంచమంతటా ఇదే పని చేసింది. ధర పెరగడాన్ని అర్థం చేసుకోగలను. రెండింటిలో ఏది కావాలో ఎంచుకునే వీలు తీసేయడాన్ని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేను. 2020లో బ్రిటన్‌లో జాహా హదీద్ ఆర్కిటెక్ట్స్ వంటి పెద్ద సంస్థలు కూడా కలిసి ఆటోడెస్క్‌కు బహిరంగ లేఖ రాశాయి. భవనాల 3డీ మోడళ్లు తయారుచేసే వాళ్ల రెవిట్ ప్రోగ్రాంకు కట్టే ఖర్చు పెరుగుతోంది, ప్రోగ్రాం మాత్రం ఆ మేరకు మెరుగుపడటం లేదన్నది వాళ్ల ఫిర్యాదు.

వ్యాఖ్యాత: కానీ సర్, చందా వల్ల చిన్న ఆఫీసులకు మేలు కూడా ఉంది కదా? ఒకేసారి లక్షలు పెట్టలేనివాళ్లు దొంగ కాపీలు వాడకుండా సక్రమంగా వాడుకోగలుగుతున్నారు.

ఇంజినీరు: నిజమేనండీ, ఆ మేలును తక్కువ చేయను. మాకు ఒకసారి ఐదు నెలల పనికి అదనంగా నాలుగు సీట్లు, అంటే ఇంకో నలుగురు వాడుకునే లైసెన్సులు, కావలసి వచ్చాయి. నెలవారీ చందా లేకపోతే ఆ పనిని వదులుకునేవాళ్లం. కొత్తగా ప్రాక్టీసు పెట్టుకున్న కుర్రాడికి కూడా మొదటి రెండేళ్లు చందాయే నయం. అయితే లెక్క వేసి చూడాలి. శాశ్వత లైసెన్సు మూడు లక్షలు, రెండో ఏడాది నుంచి ఏఎంసీ, అంటే ఏటా కట్టే మెయింటెనెన్సు, అరవై వేలు, అదే ప్రోగ్రాంకు చందా ఏడాదికి లక్షా ఇరవై వేలు అనుకుందాం. నాలుగో ఏడాది పూర్తయ్యేసరికి రెండు దారుల్లోనూ 4,80,000 అవుతుంది. పదేళ్లకు చూస్తే చందా పన్నెండు లక్షలు, శాశ్వతం ఎనిమిది లక్షల నలభై వేలు. నాలుగో ఏడాది తర్వాత ఏఎంసీ మానేసి అదే వెర్షన్‌తో సరిపెట్టుకుంటే, ఖర్చు 4,80,000 దగ్గరే ఆగిపోతుంది. చందా మానేస్తే మాత్రం మర్నాటి నుంచి ప్రోగ్రాం లేదు.

వ్యాఖ్యాత: ఆదాయపు పన్ను విషయంలో రెండింటికీ తేడా ఉందా?

ఇంజినీరు: ఉంది. చందాను ఆ ఏడాది ఖర్చుగా రాసుకుంటాం. శాశ్వత లైసెన్సు ఆస్తి కాబట్టి, కంప్యూటర్లతో పాటు సాఫ్ట్‌వేర్‌కూ ఏటా 40 శాతం తరుగుదల వస్తుంది. కాకపోతే ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే మొదటి ఏడాది అందులో సగమే. మార్చి నెలాఖరున డీలరు ఫోను చేసి, డిస్కౌంటు ఈ రోజుతో అయిపోతుందని తొందరపెడతారు చూడండి, అప్పుడు కొన్నదానికి దక్కేది ఆ సగమే. జీఎస్టీ 18 శాతం రెండింటికీ ఒకటే.

వ్యాఖ్యాత: మీరు ఇందాకటి నుంచి ధర కంటే ఎక్కువగా ఫైళ్ల గురించి ఆలోచిస్తున్నట్టు అనిపిస్తోంది.

ఇంజినీరు: నా మనసులో ఉన్నది అదేనండీ. మనం కట్టే భవనం యాభై ఏళ్లో అంతకంటే ఎక్కువో నిలబడాలి. దాని డ్రాయింగు, దాని లెక్కలు ఒక ఫైలులో ఉంటాయి. ఆ ఫైలును తెరవడానికి ఏటా ఎవరికో డబ్బు కడుతూనే ఉండాలంటే, ఆ లెక్కలు ఎవరి చేతిలో ఉన్నట్టు? రెవిట్‌నే చూడండి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు, పాత వెర్షన్‌కు సేవ్ చేసే వీలూ లేదు. కాబట్టి మూడేళ్లు చందా కట్టి ఆపేసినవాడి దగ్గర పాత శాశ్వత లైసెన్సు ఉన్నా, ఆ మూడేళ్ల పని అందులోకి రాదు. ఎలక్ట్రానిక్స్ వాళ్లకు ఇంకా కష్టం వచ్చింది. సర్క్యూట్ బోర్డుల డిజైన్‌కు వాడే ఈగల్‌ను ఆటోడెస్క్ 2016లో కొని, 2017లో చందాకు మార్చి, 2026 జూన్ 7తో దాన్ని ముగిస్తామని 2023లో ప్రకటించింది. చందా కట్టడానికి సిద్ధంగా ఉన్నవాడు కూడా వేరే దారి చూసుకోవలసిందే. అందుకే చాలామంది కైక్యాడ్ వైపు వెళ్లారు. అది ఉచితం, సోర్సు కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది, సెర్న్ పరిశోధన సంస్థ దాని అభివృద్ధికి తోడ్పడింది.

వ్యాఖ్యాత: మరి మన స్ట్రక్చరల్ ఇంజినీర్లు ఇప్పటికిప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా?

ఇంజినీరు: ఉంది, పైగా దానికి ఖర్చు లేదు. మనం అనాలిసిస్‌కు వాడే స్టాడ్ ప్రో ప్రోగ్రాం ఇన్‌పుట్ ఫైలును ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. అది మామూలు టెక్స్టే. జాయింట్ కోఆర్డినేట్స్ అన్న శీర్షిక కింద ఒక్కో బిందువు సంఖ్య, దాని మూడు కొలతలు వరసగా ఉంటాయి. తర్వాత ఏ మెంబరు (దూలం, స్తంభం లాంటిది) ఏ రెండు బిందువులను కలుపుతుందో, ఆ తర్వాత సైజులు, లోడ్లు ఉంటాయి. లైసెన్సు లేకపోయినా ఓపిక ఉన్న ఇంజినీరు ఆ ఫైలు చదివి భవనం మొత్తాన్ని మళ్లీ గీసుకోగలడు. అలాంటి ఇంకో ప్రోగ్రాం ఈట్యాబ్స్‌లో కూడా మోడల్‌ను టెక్స్టు ఫైలుగా బయటికి తీసుకోవచ్చు. బిమ్ మోడల్ (రెవిట్ లాంటి వాటిలో చేసే, వివరాలతో కూడిన భవనం 3డీ మోడల్) అయితే, ఐఎస్ఓ 16739గా ప్రమాణీకరించిన ఐఎఫ్‌సీ అనే ఉమ్మడి ఫైలు రూపంలో ఒక ప్రతి తీసిపెట్టుకోవాలి. ఐఎఫ్‌సీలోకి మార్చినప్పుడు కొంత సమాచారం పోతుంది, దాన్ని మళ్లీ మునుపటిలా సవరించడం కుదరదు, అయినా ఏమీ లేకపోవడం కంటే వేయి రెట్లు నయం. మా ఆఫీసులో పని ముగిసిన రోజే ఈ టెక్స్టు ఫైలు, డ్రాయింగుల పీడీఎఫ్‌లు, లెక్కల రిపోర్టు కలిపి ఒక ఫోల్డరులో పెట్టి, రెండు వేర్వేరు డిస్కుల్లో భద్రపరచాకే ఆఖరి బిల్లు పంపుతాం. మా ఆఫీసు కుర్రాళ్లకు మొదట్లో ఇది విసుగుగా ఉండేది, ఇప్పుడు వాళ్లే గుర్తు చేస్తున్నారు.

వ్యాఖ్యాత: ఈ మార్చిలో మీ ఆఫీసు రెన్యువల్స్ ఉన్నాయన్నారు. ఏం చేయబోతున్నారు?

ఇంజినీరు: డ్రాఫ్టింగ్‌కు బ్రిక్స్‌క్యాడ్ లాంటివి ఇప్పటికీ శాశ్వత లైసెన్సుగా దొరుకుతున్నాయి, ఆటోక్యాడ్ వాడే డీడబ్ల్యూజీ ఫైళ్లను నేరుగా తెరుస్తాయి. రోజూ గీసే ముగ్గురికి అలాంటిది కొంటాం. అనాలిసిస్‌కు ఒక సీటు చందాలోనే ఉంచుతాం, ఎందుకంటే డిజైన్‌కు పాటించవలసిన ప్రమాణాల కోడ్‌లు మారినప్పుడల్లా కొత్త వెర్షను కావాలి. డీలరును మూడు విషయాలు ఈమెయిల్‌లో రాసి ఇవ్వమని అడిగాను. రెన్యువల్ ధర ఏటా ఎంత వరకు పెంచుతారు, మానేశాక పాత ఫైళ్లను చూడడానికైనా వీలుంటుందా, కంప్యూటరు మారిస్తే పదేళ్ల తర్వాత కూడా యాక్టివేషన్ ఇస్తారా అని. మొదటిదానికి జవాబు వచ్చింది. మిగతా రెండింటికీ వచ్చేదాకా ఆర్డరు పెట్టనని చెప్పాను.