ఆన్‌లైన్ కథలకు ఫార్మాటింగ్: ఒకే పేరాను నాలుగు చోట్ల పెట్టి చూశాను

నమస్కారం. కాజీపేటలో ఉండే మా వదిన కొన్నేళ్లుగా కథలు రాస్తున్నది. వంట పని ముగిసి, పిల్లలు బడికి పోయిన తర్వాత దొరికే గంటన్నరలో ఫోనులోనే టైపు చేసి, సాయంత్రానికి మా వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. పోయిన నెల ఒక కథ పంపి, “కథ ఎట్లున్నదో తర్వాత చెప్పు గని, ఇది చూడనీకి కథ లెక్క ఉన్నదా లేదా ముందు చెప్పు” అని అడిగింది. తెరిచి చూస్తే అది కిరాణా చిట్టీలా ఉన్నది. ప్రతి సంభాషణ ముందూ ఒక నల్లని చుక్క, పక్కన మాట, కింద మళ్లీ చుక్క. ఆటో అతను కిరాయి చెబుతున్నాడు, ముసలామె బేరమాడుతున్నది; చూపుకు మాత్రం కిలో చక్కెర, అరకిలో కందిపప్పు అన్నట్టున్నది.

వదిన చేసిందల్లా సంభాషణ ముందు అడ్డగీత పెట్టి, ఒక ఖాళీ వదిలి, మాట రాయడమే. అచ్చు పుస్తకాల్లో ఎందరో కథకులు పాటించిన పద్ధతి అది. అయితే వరుస మొదట్లో అడ్డగీత, దాని పక్కన ఖాళీ కనిపిస్తే వాట్సాప్ 2024 నుంచి దాన్ని జాబితాగా భావించి చుక్కగా మార్చేస్తున్నది. ఇవాళ్టి సమీక్ష అక్కడ పుట్టింది. వదిన అనుమతితో ఆ కథలోని ఒక భాగాన్ని వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో, ఒక కథల యాప్‌లో, నక్షత్రాలు, అండర్‌స్కోర్‌లవంటి గుర్తులతోనే బోల్డు, ఇటాలిక్ చూపించే మార్క్‌డౌన్ పద్ధతి వాడే ఒక బ్లాగులో యథాతథంగా అతికించి చూశాను. సరదా కొద్దీ కథలు రాసుకునే మనవంటి వాళ్లు వాడే బోల్డు, ఇటాలిక్, నక్షత్రాలు, కొటేషన్ గుర్తులు తెలుగు అక్షరానికి ఎంతవరకు పొసగుతున్నాయో తెలుసుకోవడం నా ఉద్దేశం.

ముందు పేరాల సంగతి. నేను హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక డీటీపీ షాపులో నాలుగేళ్లు పేజీలు అమర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ మీద పని చేసినవాణ్ని కాబట్టి, పేరా మొదటి వరుసను కొంచెం లోపలికి జరపకపోతే నాకు చెయ్యి ఊరుకోదు. వెబ్ పేజీకి ఆ అలవాటు పనికిరాదు. స్పేస్‌బార్ ఐదుసార్లు కొట్టినా, వెబ్ పేజీలను రాసే హెచ్‌టీఎంఎల్ దాన్ని ఒక్క ఖాళీగానే లెక్కిస్తుంది. వరుస మొదట్లోనైతే ఆ ఒక్కటీ మిగలదు. మార్క్‌డౌన్‌లో ఇబ్బంది ఇంకా పెద్దది: పేరా మొదట్లో నాలుగు ఖాళీలు కొడితే, మీ కథను అది కంప్యూటర్ ప్రోగ్రాముగా భావించి వేరే అక్షరాలతో, తరచుగా ఒక బూడిదరంగు డబ్బాలో పెట్టి చూపిస్తుంది. ఎంటర్ ఒక్కసారే కొడితే కింది వరుసను తీసుకొచ్చి పై వరుసకు కలిపేస్తుంది. కాబట్టి పేరాకూ పేరాకూ నడుమ ఒక ఖాళీ వరుస వదలడం ఒక్కటే నాలుగు చోట్లా నిలబడిన పద్ధతి. షాపులో మా ఓనరు చూస్తే కాగితం దండుగ అనేవాడు. తెర మీద కాగితం ఖర్చు లేదు.

డీటీపీ మాట వచ్చింది కాబట్టి పాత ఫైళ్ల గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కో సంఖ్య కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే స్థానం ఉన్నా, మన షాపులన్నీ చాలా కాలం అను ఫాంట్లతోనే నడిచాయి. ఆ ఫైళ్లలో నిజానికి ఉన్నవి ఇంగ్లిషు కీల గుర్తులు. వాటి మీద తెలుగు బొమ్మను తొడిగారు. అందుకే అట్లాంటి కథను నేరుగా యాప్‌లో అతికిస్తే అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్ వాడండి, తర్వాత ప్రతి వాక్యాన్నీ ప్రూఫు చూడండి. వత్తుల దగ్గర అది తప్పకుండా తడబడుతుంది.

ఇప్పుడు ఇటాలిక్, అంటే పక్కకు వంగిన అక్షరం. నా దృష్టిలో మన ఆన్‌లైన్ కథల్లో అవసరం లేకుండా వచ్చి కూర్చున్న అలంకారం ఇదే. ఇంగ్లిషు ఇటాలిక్‌కు వేరే అక్షర రూపాలు ఉన్నాయి, ఐదు వందల ఏళ్ల అచ్చు చరిత్ర ఉన్నది. మనం ఫోన్లలో చదివే తెలుగు ఫాంట్లలో దాదాపు దేనికీ ఇటాలిక్ రూపం లేదు కాబట్టి, బ్రౌజరు నిలువు అక్షరాన్నే పట్టుకొని కుడివైపుకు వంచుతుంది. తెర మీద చూడండి: ‘స్త్రీ’ అన్న అక్షరంలో పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, రవత్తు ఉన్నాయి. వంచినప్పుడు పైనున్న గుడి ఒక దిక్కుకు, కిందున్న వత్తులు ఇంకో దిక్కుకు జరిగి, పక్క అక్షరం మీద పడుతున్నాయి.

అయినా రచయితలు ఇటాలిక్ ఎందుకు వాడుతున్నారు? పాత్ర మనసులోని మాటను వేరు చేసి చూపడానికి. వదిన కూడా అదే చేసింది: _ఇంత దూరం వచ్చి ఉత్తగనే పోవాల్నా_ అనుకున్నది. ఇంగ్లిషులో ఆలోచన ఎక్కడ ముగిసిందో చూపడానికి అక్షరాన్ని వంచుతారు. మనకు ఆ పనిని ‘అని’, ‘అనుకున్నది’ అన్న మాటలే చేస్తాయి; నోటితో చదివి వినిపించినా ఆలోచన ఎక్కడ ఆగిందో శ్రోతకు తెలుస్తుంది. వ్యాకరణమే తలుపు వేసిన తర్వాత ఇంకో గొళ్లెం దేనికి? నేను వదిన కథలోని ఇటాలిక్‌లన్నీ తీసేసి చదివాను. ఎక్కడా అర్థం తప్పలేదు. పాత్ర రాసిన ఉత్తరంవంటి పొడుగైన భాగాన్ని విడిగా చూపాలనుకుంటే, దాన్ని వేరే పేరాలో పెడితే చాలు.

మార్క్‌డౌన్‌లో ఇంకో చిక్కు ఉన్నది, అది తెలుగువాళ్లకు ఎక్కువగా తగులుతుంది. మన విభక్తి మాటకు అంటుకొని వస్తుంది: చెరువులో, చెరువుకు, చెరువుదాక. ఒక మాటను అండర్‌స్కోర్‌ల మధ్య పెట్టి, విభక్తిని బయట వదిలి _చెరువు_లో అని రాస్తే, మార్క్‌డౌన్ దాన్ని మాట మధ్యలో వచ్చిన గుర్తుగా చూసి ఏ మార్పూ చేయదు. అండర్‌స్కోర్‌లు అట్లాగే పాఠకుడికి కనిపిస్తాయి. నక్షత్రం గుర్తు వాడితే పని జరుగుతుంది కాని, సగం మాట వంగి, సగం మాట నిటారుగా ఉండటం కంటికి ఇంపుగా ఉండదు. పెడితే విభక్తితో కలిపి మొత్తం మాటకు పెట్టండి.

బోల్డును శీర్షికకూ భాగం సంఖ్యకూ ఉంచుకోవడం మేలు. చిన్న ఫోను తెర మీద మందం పెంచితే ‘ఘ’, ‘ఝ’వంటి అక్షరాల లోపలి సందులు పూడుకుపోతాయి, వత్తులు మసిముద్దలవుతాయి. మామూలు ఫేస్‌బుక్ పోస్టులో బోల్డు బటనే లేదు. ఇంగ్లిషు మాటలను బోల్డు చేసి ఇచ్చే వెబ్‌సైట్లు వాడేది గణితం కోసం యూనికోడ్‌లో పెట్టిన ప్రత్యేక అక్షరాలను. వాటిలో తెలుగు లేదు కాబట్టి ఎంత వెతికినా ఫలితం ఉండదు. అండర్‌లైన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అది వత్తులను కోసేస్తుంది. రెండు అంచులూ సమానంగా ఉండేట్టు జస్టిఫై చేయడమూ ఫోనులో వద్దు. ‘చేయలేకపోయినప్పటికీ’వంటి ఒక్క మాట కింది వరుసకు దిగితే పై వరుసలో మిగిలిన మూడు మాటల మధ్య ఎడ్లబండి పట్టేంత సందు ఏర్పడుతుంది.

నాకు కోపం తెప్పించిన తప్పు కథల యాప్‌లో జరిగింది. వదిన ‘ప్లాట్‌ఫామ్’ అని సరిగ్గానే టైపు చేసింది. ఇందులో ‘ట్’ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘ఫ’ వత్తుగా మారి ‘ట’ కిందికి పోకుండా ఆపేది అదే. ఆ యాప్ కథను భద్రపరిచేటప్పుడు ఈ గుర్తును చెత్తగా భావించి తుడిచేసింది. ఫలితంగా కథ నిండా ‘ప్లాట్ఫామ్’ అని వచ్చింది, పదిహేడు చోట్ల. కాజీపేట జంక్షన్‌లో జరిగే కథలో ఈ మాట లేకుండా ఎట్లా? చివరకు ‘ప్లాట్ ఫామ్’ అని ఖాళీ ఇచ్చి విడదీయాల్సి వచ్చింది. ఆ యాప్‌వాళ్లకు రాశాను, జవాబు రాలేదు.

ఇట్లాంటివే ఇంకో రెండు, ఇవి మాత్రం మన చేతి తప్పులు. ‘దుఃఖం’లో విసర్గకు బదులు కోలన్ కొట్టడం, అక్షరం పక్కన సున్న ఉండాల్సిన చోట తెలుగు అంకెల్లోని సున్నాను పెట్టడం. చూడటానికి ఒకేలా ఉంటాయి కాని, ఆ మాట కోసం వెతికినవారికి మీ కథ దొరకదు.

సన్నివేశం మారినప్పుడు పెట్టే మూడు నక్షత్రాలు మార్క్‌డౌన్‌లో చక్కని అడ్డగీతగా మారాయి, ఫేస్‌బుక్‌లో నక్షత్రాలుగానే నిలిచాయి. వాట్సాప్‌లో మాత్రం వరుస మొదట్లో నక్షత్రం, ఖాళీ పెడితే మళ్లీ ఆ జాబితా చుక్కే. నేను ఒక ఖాళీ వరుస వదిలి, ‘మర్నాడు’ అనో, ‘హనుమకొండలో’ అనో మాటతోనే మొదలుపెడుతున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను, ఎందుకంటే దీన్ని ఏ యాప్ మీదా నెట్టలేం. మన దిక్కు రచయితలే కథనాన్ని పుస్తక భాషలో రాసి, పాత్రల మాటలకు వచ్చేసరికి మన మాటలను కొటేషన్లలో పెడుతున్నారు. నేను చదివిన ఒక కథలో ముసలామె వాక్యం ఇట్లా ఉన్నది: ‘గిప్పుడు’ ‘ఏడికి’ (ఎక్కడికి) పోతున్నవ్ బిడ్డా. ఆమె తన ఇంట్లో, తన అరుగు మీద కూర్చొని, తన మనుమరాలితో మాట్లాడుతున్నది. ఆ మాటలకు చుట్టూ కంచె, పక్కన అర్థతాత్పర్యం ఎవరి కోసం? అదే కథలో బస్సుకు, ఫోనుకు, సెల్ఫీకి కొటేషన్లు లేవు. అంటే రచయిత లెక్కన పరాయి మాట సెల్ఫీ కాదు, ఏడికి. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబర్ 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు పెట్టే కథల్లో సైతం ఈ కంచెలు కనిపిస్తున్నాయి.

వేరే జిల్లాల పాఠకులకు అర్థం కావద్దా అని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు వాక్యంలో ఇవ్వాలి, బ్రాకెట్లో ఇవ్వకూడదు. ‘సర్వపిండి’ (ఒక రకమైన రొట్టె) చేసింది అని రాస్తే పాఠకుడికి రొట్టె అన్న మాటే మిగులుతుంది. గిన్నెకు ఒత్తిన సర్వపిండికి వేలితో చిల్లులు పెట్టి, చిల్లుచిల్లులో నూనె చుక్క వేసి మూత పెట్టింది అని రాస్తే, గుంటూరులో ఉన్నవారికైనా అది కనిపిస్తుంది, వాసన కూడా తగులుతుంది. వదిన కథలో ఇట్లాంటి బ్రాకెట్లు పదకొండు ఉండేవి. తొమ్మిదింటిని తీసేస్తే ఏ నష్టమూ లేదు. రెండు చోట్ల మాత్రం ఒక్కో వాక్యం కొత్తగా రాయాల్సి వచ్చింది, ఆ రెండు వాక్యాలూ కథలోకెల్లా బాగున్నాయని నా అభిప్రాయం.

చివరి ప్రతిలో మేము ఉంచినవి తక్కువే: పేరాల మధ్య ఖాళీ వరుస, సంభాషణకు జంట కొటేషన్లు, పైన బోల్డులో శీర్షిక. అడ్డగీతలు పోయాయి, ఇటాలిక్‌లు పోయాయి, ముసలామె మాటల చుట్టూ ఉన్న కంచెలూ పోయాయి. ఆ ప్రతినే గ్రూపులో మళ్లీ పెట్టింది వదిన. వాళ్ల అత్తమ్మ ఫోనును చేతికందినంత దూరం పట్టుకొని, పెదవులు కదుపుకుంటూ మొత్తం చదివి, ఆటో బేరం దగ్గర ఆగి, “చౌరస్తాకు ముప్పయ్యి గూడ ఎక్కువనే, ఇరవైకి వస్తడు” అన్నది.